విడిభాగం నడిచిన దారి: టకాటా ఎయిర్‌బ్యాగుల రీకాల్, బాధ్యత ప్రశ్న

అమ్ముడైపోయి రోడ్ల మీద తిరుగుతున్న వాహనంలో ప్రాణాపాయానికి దారితీయగల లోపం ఉన్నట్లు తేలినప్పుడు, దాన్ని తయారుచేసిన సంస్థ ఆ సంగతిని యజమానులకు తెలియజేసి, లోపమున్న భాగాన్ని తన ఖర్చుతో మార్చి ఇచ్చే ప్రక్రియను రీకాల్ అంటారు. అమెరికాలో 1966 నాటి మోటారు వాహనాల భద్రతా చట్టంతో ఈ ప్రక్రియకు చట్టరూపం ఏర్పడింది. లోపాన్ని ఉచితంగా సరిచేయడం తయారీదారు విధి అన్న నియమం 1974 సవరణతో వచ్చి చేరింది. ఆనాటి నుంచి జరిగిన రీకాల్‌లన్నిటిలోనూ పెద్దది టకాటా ఎయిర్‌బ్యాగులది. అమెరికాలోనే దాదాపు 6 కోట్ల 70 లక్షల ఇన్‌ఫ్లేటర్లు, ప్రపంచం మొత్తం మీద సుమారు 10 కోట్లు దాని పరిధిలోకి వచ్చాయి. 19 వాహన తయారీ సంస్థలు అందులో చిక్కుకున్నాయి. అమెరికాలో 28 మంది మరణించారని, 400 మందికి పైగా గాయపడ్డారని అక్కడి జాతీయ రహదారి భద్రతా సంస్థ లెక్క తేల్చింది. మలేషియాలో, ఆస్ట్రేలియాలో, ఫ్రాన్స్‌లో పోయిన ప్రాణాలు దీనికి అదనం. ఇంతటి నష్టం ఒక రసాయనం వల్ల జరిగిందన్న మాట సగమే సత్యం. లోపమున్న భాగం సరఫరాదారు నుంచి వాహన సంస్థకు, అక్కడి నుంచి డీలరుకు, కొనుగోలుదారుకు, ఆ తర్వాత రెండో యజమానికి, మూడో యజమానికి చేరింది. ఆ లోపాన్ని గురించిన సమాచారం మాత్రం పుట్టినచోటనే ఏళ్ల తరబడి ఆగిపోయింది. ఈ ఉపన్యాసం పరిశీలించేది ఆ ఆగిపోవడాన్నే.

ఎయిర్‌బ్యాగ్ పనిచేసే తీరు తెలిస్తే గాని తక్కిన కథ బోధపడదు. వాహనం దేన్నైనా బలంగా ఢీకొన్నప్పుడు సెన్సర్లు వేగంలో వచ్చిన ఆకస్మికమైన మార్పును పసిగట్టి నియంత్రణ యూనిట్‌కు తెలియజేస్తాయి. అది పంపిన విద్యుత్ సంకేతంతో ఇగ్నైటర్ రాజుకుంటుంది. ఆ మంట ఇన్‌ఫ్లేటర్ అనే లోహపు డబ్బాలో బిళ్లల రూపంలో ఉన్న ప్రొపెల్లెంట్‌ను, అంటే వేగంగా కాలి వాయువును పుట్టించే రసాయన మిశ్రమాన్ని, అంటిస్తుంది. ఆ వాయువు నైలాన్ సంచిని నింపుతుంది. ఇదంతా రెప్పపాటు కన్నా తక్కువ కాలంలో ముగిసిపోవాలి. కాబట్టి ఇన్‌ఫ్లేటర్ లోపల జరిగేది పేలుడుకు ఒక్క మెట్టు దిగువన నిలిపి ఉంచిన దహనం. ఆ మెట్టు దాటకుండా ఉండడం బిళ్లల సాంద్రత మీద, ఆకారం మీద, అవి పొడిగా ఉండడం మీద ఆధారపడుతుంది. ఈ సాధనం మేలును ఎవరూ కాదనలేరు: ముందువైపు ఎయిర్‌బ్యాగులు 2017 వరకు అమెరికాలో 50 వేలకు పైగా ప్రాణాలను నిలబెట్టాయని అక్కడి అధికారిక అంచనా. ప్రాణం కాపాడుతుందన్న నమ్మకంతో మనిషి ముఖానికి మూరెడు దూరంలో అమర్చిన వస్తువు కావడం వల్లనే ఇందులో జరిగిన ద్రోహం మరింత తీవ్రమైనది.

1990ల వరకు చాలా ఎయిర్‌బ్యాగుల్లో సోడియం ఎజైడ్ అనే పదార్థాన్ని వాడేవారు. అది విషపూరితం కావడంతో పరిశ్రమ ప్రత్యామ్నాయాలు వెతికింది. టకాటా మొదట టెట్రజోల్ అనే సమ్మేళనానికి మారి, 2000 ప్రాంతంలో దానికన్నా చౌకగా దొరికే అమ్మోనియం నైట్రేట్‌ను ప్రధాన ప్రొపెల్లెంట్‌గా ఎంచుకుంది. సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనుల్లో రాతిని పగలగొట్టే పేలుడు మిశ్రమాలకు ముడిసరుకుగా తెలుగువారికి కొంత పరిచయమున్న రసాయనమే ఇది. కాలినప్పుడు ఎక్కువ వాయువునిస్తుంది, మసి తక్కువ మిగులుస్తుంది, చిన్న డబ్బాలో ఇముడుతుంది. ఈ సుగుణాలతో పాటు దానికి రెండు స్వభావాలున్నాయి. మొదటిది, గాలిలోని తేమను పీల్చుకోవడం. వానాకాలంలో మూతి కట్టని యూరియా బస్తా గడ్డకట్టడం చూసిన రైతుకు ఈ స్వభావాన్ని వేరుగా వివరించనక్కరలేదు. రెండవది, సుమారు 32 డిగ్రీల సెల్సియస్ దగ్గర దాని స్ఫటిక నిర్మాణం మారి, దానితో పాటు ఘనపరిమాణం కూడా మారడం. మచిలీపట్నంలోనో నెల్లూరులోనో ఏడాదిలో చాలా రోజులు పగలు దాటి, రాత్రికి దిగే ఉష్ణోగ్రత అది.

స్ఫటిక మార్పును అదుపు చేసే పదార్థాన్ని టకాటా రసాయన నిపుణులు మిశ్రమంలో కలిపారు గాని, తేమను పట్టి ఉంచే డెసికెంట్‌ను, అంటే శోషక పదార్థాన్ని, తొలినాటి ఇన్‌ఫ్లేటర్లలో పెట్టలేదు. వాహన సంస్థలు ఉమ్మడిగా నియమించిన స్వతంత్ర పరిశోధన బృందం 2016లో తేల్చిన కారణాలు మూడు: డెసికెంట్ లేని అమ్మోనియం నైట్రేట్, తేమను పూర్తిగా అడ్డుకోలేని డబ్బా నిర్మాణం, ఏళ్ల తరబడి వేడికి, ఉక్కకు గురికావడం. ఈ మూడూ కలిసినచోట బిళ్లలు లోలోపల గుల్లబారతాయి. గుల్లబారిన బిళ్లలో మంటకు అందే ఉపరితలం పెరుగుతుంది. మంట వేగం, దానితో పాటు పీడనం డబ్బా భరించగల హద్దును దాటుతాయి. డబ్బా పగిలి, దాని లోహపు ముక్కలు సంచిని చీల్చుకుని కూర్చున్న మనిషి మెడకు, ముఖానికి, ఛాతీకి తగులుతాయి. ప్రాణాలతో బయటపడవలసిన చిన్నపాటి ఢీలో కూడా మరణం సంభవించింది ఇందువల్లనే.

టకాటా అనామకంగా పుట్టుకొచ్చిన సంస్థ ఏమీ కాదు. 1933లో జపాన్‌లోని షిగా ప్రాంతంలో టకెజో టకాడా నేత పరిశ్రమగా స్థాపించిన ఆ సంస్థ యుద్ధకాలంలో పారాచూట్లకు తాళ్లు నేసింది, 1960లో సీటు బెల్టుల అమ్మకం మొదలుపెట్టింది, ఆ తర్వాతి దశాబ్దాల్లో ప్రపంచంలోని ప్రధాన ఎయిర్‌బ్యాగ్ తయారీదారుల్లో ఒకటిగా ఎదిగింది. వాషింగ్టన్ రాష్ట్రంలోని మోసెస్ లేక్‌లో ప్రొపెల్లెంట్‌ను, మెక్సికోలోని మొంక్లోవాలో ఇన్‌ఫ్లేటర్లను తయారుచేసేది. లోపం మొదట బయటపడినప్పుడు ఆ సంస్థ ఇచ్చిన వివరణ ఈ కర్మాగారాల చుట్టూనే తిరిగింది: మోసెస్ లేక్‌లో ఒక ప్రెస్ బిళ్లలను తగినంత బలంతో అదమలేదని, సరిగా అదమని బిళ్లలను వేరుచేసే ఏర్పాటును పనివారు ఆపివేయగలిగే వీలుండేదని, మొంక్లోవాలో కొన్ని బిళ్లలు తేమకు తెరిచి ఉండిపోయాయని చెప్పింది. ఈ పొరపాట్లు నిజంగా జరిగినవే. కాని తయారీ లోపానికీ, రూపకల్పన లోపానికీ ఉన్న తేడా ఇక్కడ కీలకమైనది. తయారీ లోపమైతే ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు తయారైన సరుకును వెనక్కి తీసుకుంటే సరిపోతుంది. రూపకల్పన లోపమైతే ఆ నమూనాలో తయారైన ప్రతి డబ్బా అనుమానించదగినదే. ఏళ్ల తరబడి మొదటి వివరణనే పట్టుకుని వేలాడడం వల్ల ప్రతి రీకాల్ చిన్న గీత గీసుకుని మొదలై, ఆ గీత అవతల మరో మనిషి గాయపడ్డాక మళ్లీ కొంత విస్తరించింది.

ఆ విస్తరణ క్రమం చూస్తే సమాచారం ఎంత నెమ్మదిగా కదిలిందో తెలుస్తుంది. 2004లో అలబామాలో ఒక హోండా అకార్డ్‌లో ఇన్‌ఫ్లేటర్ పగిలింది. దాన్ని ఎక్కడో ఒకచోట జరిగిన అసాధారణ ఘటనగా భావించి పక్కన పెట్టారు. తొలి రీకాల్ 2008 నవంబరులో, కేవలం 4 వేల వాహనాలకు మాత్రమే జరిగింది. 2009 మేలో ఓక్లహోమాలో ఒక యువతి మరణించింది. ఆ తర్వాత రీకాల్ లక్షల్లోకి వెళ్లింది. 2014లో పత్రికల పరిశోధన, అమెరికా సెనేట్ విచారణ జరిగే వరకు ఈ సమస్య దేశవ్యాప్తమైన చర్చగా మారనేలేదు. 2015 మేలో టకాటా లోపాన్ని జాతీయ స్థాయిలో అంగీకరించినప్పుడు రీకాల్ సంఖ్య ఒక్కసారిగా సుమారు 3 కోట్ల 40 లక్షల వాహనాలకు చేరింది. మరుసటి ఏడాది అది మళ్లీ రెట్టింపు ప్రమాణంలో పెరిగింది. 4 వేల నుంచి కోట్లకు చేరడానికి పట్టిన ఆ ఏళ్లలో రసాయనం స్వభావం మారలేదు. టకాటా దాదాపు 2000 నుంచే తన ఇన్‌ఫ్లేటర్ల పరీక్షా ఫలితాలను మార్చి, అననుకూలమైన వాటిని తొలగించి వాహన సంస్థలకు పంపిందని అమెరికా న్యాయశాఖ తర్వాత ఆరోపించగా, 2017లో సంస్థ ఆ నేరాన్ని ఒప్పుకుంది. అంటే లోపం గురించి తెలిసినవారు లేకపోవడం సమస్య కాలేదు. తెలిసినవారు చెప్పకపోవడం, వినవలసినవారు లోతుగా అడగకపోవడం సమస్య అయింది.

తేమ, వేడి ఎక్కువగా ఉన్న ఫ్లోరిడా, హవాయి, ప్యూర్టోరికో వంటి ప్రాంతాలకే పరిమితమైన రీకాల్‌లు 2014లో జరిగాయి. శాస్త్రపరంగా ఇందులో కొంత హేతువున్నా, కారు కదిలే వస్తువన్న సంగతిని ఇది మరచిపోయింది. ఫ్లోరిడాలో పదేళ్లు ఎండలో నిలిచిన కారు రేపు ఉత్తరాది రాష్ట్రంలో అమ్ముడుపోవచ్చు. దానికన్నా బాధాకరమైనది మరొకటి ఉంది. మార్చడానికి సరిపడా కొత్త భాగాలు లేకపోవడంతో, చాలా వాహనాల్లో పాత అమ్మోనియం నైట్రేట్ ఇన్‌ఫ్లేటర్‌ను తీసి, అదే జాతికి చెందిన కొత్తదాన్ని బిగించారు. కొత్తది పాతబడే లోపు మళ్లీ మార్చవలసిన భాగం అది. రీకాల్ పూర్తయిందని కాగితం మీద నమోదైన ఆ యజమానుల్లో ఎందరు తమ వంతు పని అయిపోయిందని నిశ్చింతగా ఉండిపోయి ఉంటారో ఊహించవచ్చు. మలేషియాలో హోండా కార్లలో పలువురు మరణించారు. ఆ దేశపు ఉక్కకు మన కోస్తా ఉక్కకు పెద్ద తేడా లేదు. ఆస్ట్రేలియాలో 2017లో సిడ్నీలో ఒకరు మరణించాక, 2018 ఫిబ్రవరిలో అక్కడి ప్రభుత్వం స్వచ్ఛంద రీకాల్‌ను నమ్ముకోవడం మాని, సుమారు 40 లక్షల ఎయిర్‌బ్యాగులను గడువు లోపల మార్చి తీరాలని ఆజ్ఞాపించింది. ఈ ఉదంతంలో ప్రభుత్వాలు చేసిన పనుల్లో అన్నిటికన్నా సూటిగా, గౌరవంగా నిలిచేది అదే.

శిక్షల విషయం క్లుప్తంగా చూస్తే చాలు. 2017 జనవరిలో టకాటా అమెరికాలో 100 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది: 2.5 కోట్లు జరిమానా, 12.5 కోట్లు గాయపడినవారికి, మృతుల కుటుంబాలకు, 85 కోట్లు వాహన సంస్థలకు. అదే ఏడాది జూన్‌లో జపాన్‌లోనూ అమెరికాలోనూ దివాలా కోరింది. దాని వ్యాపారంలో అధిక భాగాన్ని చైనాకు చెందిన జాయ్‌సన్ అధీనంలోని కీ సేఫ్టీ సిస్టమ్స్ 2018లో స్వీకరించింది. మోసపోయిన కంపెనీలకు దక్కిన పరిహారం మనుషులకు దక్కిన దానికి దాదాపు ఏడింతలు అన్న వాస్తవం ఏ న్యాయసూత్రంతో సమర్థించినా మనసుకు సమ్మతం కాదు. తప్పుడు నివేదికలు అందుకున్నవారు కంపెనీలే అయినా, లోహపు ముక్కలు తగిలింది మనుషులకు.

అయితే నేరాన్ని సరఫరాదారు మీదికి నెట్టి వాహన సంస్థను నిర్దోషిగా వదిలిపెట్టడం సరైన తీర్పు కాదు. ఒక కారులో మరలతో సహా లెక్కిస్తే దాదాపు 30 వేల భాగాలుంటాయి. వాటిలో అధిక భాగం బయటి సంస్థలు చేసి ఇచ్చేవే. వాహన సంస్థకు నేరుగా సరఫరా చేసేవారిని టియర్ 1 సరఫరాదారులని, వారికి సరఫరా చేసేవారిని టియర్ 2 అని పరిశ్రమలో పిలుస్తారు. ఒకే టియర్ 1 సంస్థ పోటీలో ఉన్న అనేక కంపెనీలకు ఒకే భాగాన్ని అమ్మినప్పుడు ధర తగ్గుతుంది. అదే సమయంలో దానిలోని ఒక్క లోపం పేర్లు వేరైన పదుల కొద్దీ నమూనాలకు పాకుతుంది. 2000లో ఫైర్‌స్టోన్ టైర్ల పైపొర ఊడిపోయి ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్లు బోల్తాపడినప్పుడు రెండు సంస్థలూ ఒకదాని మీద ఒకటి నేరం మోపుకున్నాయి. ఆ గొడవ నుంచే ట్రెడ్ చట్టం పుట్టి, గాయాల ఫిర్యాదులను, వారంటీ వివరాలను ముందస్తుగా ప్రభుత్వానికి సమర్పించాలన్న నియమం వచ్చింది. జనరల్ మోటార్స్ ఇగ్నిషన్ స్విచ్ ఉదంతంలో దిశ తలకిందులైంది. డెల్ఫీ సరఫరా చేసిన స్విచ్ నిర్దేశిత బలానికి తగినది కాదని తెలిసీ జనరల్ మోటార్స్ దాన్ని ఆమోదించింది. నడుస్తున్న కారులో తాళంచెవి జారి, ఇంజన్ ఆగి, ఎయిర్‌బ్యాగులు పనిచేయకుండా పోయేవి. 2006లో స్విచ్‌ను మెరుగుపరిచినా భాగం నంబరు మాత్రం మార్చలేదు. పాతదీ కొత్తదీ ఒకే నంబరుతో కలిసిపోవడంతో, కొత్త కార్లలో ప్రమాదాలు ఎందుకు తగ్గాయో పరిశోధకులకే అంతుబట్టలేదు. చివరికి ఆ లోపంతో 124 మరణాలకు పరిహార నిధి బాధ్యత అంగీకరించింది. ఒక నంబరు మార్చకపోవడం గుమాస్తా పొరపాటు వంటిది కాదు. విడిభాగాల లోకంలో నంబరే ఆ వస్తువు చరిత్ర.

సమాచారం ఆగిపోయే చివరి చోటు రెండో, మూడో యజమాని. రీకాల్ ఉత్తరం రిజిస్టర్డ్ చిరునామాకు వెళుతుంది. కారు చేతులు మారిన కొద్దీ ఆ చిరునామాకూ కారుకూ సంబంధం తెగిపోతుంది. 2001 నుంచి 2003 వరకు తయారైన కొన్ని హోండా, అక్యురా కార్లలోని ఆల్ఫా రకం ఇన్‌ఫ్లేటర్లు ఢీకొన్నప్పుడు పగిలే అవకాశం 50 శాతం వరకు ఉండవచ్చని 2016లో అమెరికా అధికారులు ప్రకటించినప్పుడు, ఇంకా 3 లక్షలకు పైగా వాహనాలు సరిచేయకుండా మిగిలి ఉన్నాయి. పాత కారు కొనేవారే సహజంగా తక్కువ ఆదాయం గలవారు. 2015 చట్టం ప్రకారం అద్దె కార్ల సంస్థలు రీకాల్ పనులు పూర్తికాని వాహనాన్ని అద్దెకివ్వకూడదు. సెకండ్ హ్యాండ్ డీలర్లకు మాత్రం అమెరికా జాతీయ చట్టంలో అలాంటి నిషేధం లేదు. టెక్సాస్‌లో చదువుకోవడానికి వెళ్లి, పాత జపాన్ కార్లు కొనుక్కునే తెలుగు విద్యార్థులకు ఇది నేరుగా వర్తించే విషయం. టెక్సాస్ వేడి, తేమ అత్యధికంగా ఉన్న మండలంగా అధికారులు గుర్తించిన రాష్ట్రాల్లో ఒకటి. కారు విన్ నంబరుతో, అంటే ప్రతి వాహనానికి విడిగా, అక్షరాలు, అంకెలు కలిపి 17 ఉండే గుర్తింపుతో, మిగిలి ఉన్న రీకాల్‌లను ఉచితంగా చూసుకునే ఏర్పాటు అక్కడ ఉంది. ధర బేరమాడడానికి ముందే ఆ నంబరును పరిశీలించడం అవసరం.

భారతదేశంలో వాహన పరిశ్రమ సంఘం 2012లో స్వచ్ఛంద రీకాల్ నియమావళిని ప్రవేశపెట్టింది. టకాటా ఇన్‌ఫ్లేటర్ల కోసం హోండా 2016 జూలైలో దాదాపు 1.9 లక్షల కార్లను, 2017 జనవరిలో మరో 41,580 కార్లను వెనక్కి పిలిచింది. 2019 మోటారు వాహనాల సవరణ చట్టం 110ఎ సెక్షన్‌తో రీకాల్‌ను ఆజ్ఞాపించే అధికారం కేంద్రానికి దక్కింది. నియమాలు 2021 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చాయి. ఇదే కాలంలో డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ 2019 జూలై నుంచి, ముందు సీటు ప్రయాణికుడి ఎయిర్‌బ్యాగ్ 2021 నుంచి తప్పనిసరి కావడంతో మన రోడ్ల మీద ఇన్‌ఫ్లేటర్ల సంఖ్య ఎన్నడూ లేనంత వేగంగా పెరుగుతోంది. పెనుకొండ దగ్గర కియా కర్మాగారంలో తయారయ్యే కారెన్స్ కార్లు 44,174ను ఎయిర్‌బ్యాగ్ నియంత్రణ యూనిట్ సాఫ్ట్‌వేర్ పరిశీలన కోసం 2022 అక్టోబరులో వెనక్కి పిలిచారు. మారుతీ కూడా 2023 జనవరిలో అలాంటి యూనిట్ కోసమే 17,362 కార్లను పిలిచింది. లోపం బయటపడిన వెంటనే పిలవడం ఆరోగ్యకరమైన లక్షణం. రీకాల్ ప్రకటించిన సంస్థను చిన్నచూపు చూసే అలవాటు మన కొనుగోలుదారుల్లో పోవాలి, ఎందుకంటే ఆ భయమే లోపాన్ని దాచిపెట్టే ప్రలోభంగా మారుతుంది.

మన నియమాల్లో రెండు అంశాలను టకాటా అనుభవం వెలుగులో తిరిగి పరిశీలించాలి. అమ్మకాల సంఖ్యను బట్టి నిర్ణీత సంఖ్యలో యజమానుల ఫిర్యాదులు వస్తే తప్పనిసరి రీకాల్‌కు దారి ఏర్పడుతుందన్నది మొదటిది. బ్రేకు సరిగా పడకపోతే యజమానికి తెలుస్తుంది, ఫిర్యాదు చేస్తాడు. స్టీరింగ్ లోపల బిళ్ల గుల్లబారితే ఏ చప్పుడూ రాదు, ఏ దీపమూ వెలగదు. ఇటువంటి లోపంలో తొలి ఫిర్యాదు ఆసుపత్రి నుంచో, పోస్టుమార్టం నివేదిక నుంచో రావాలి. పరీక్షా సంస్థల నివేదిక ఆధారంగా, ఇతర మార్గాల్లో అందిన సమాచారం ఆధారంగా కూడా చర్య తీసుకునే వీలు చట్టంలో ఉంది. ఆ వీలును అమలులో ప్రధాన మార్గంగా మలచుకుని, రీకాల్ అయిన కార్ల నుంచి, తుక్కుకు వెళ్లే కార్ల నుంచి ఇన్‌ఫ్లేటర్లను సేకరించి మన వాతావరణంలో పాతబడినవాటిని క్రమం తప్పకుండా పరీక్షించడం అవసరం. రెండవది, ఏడేళ్ల లోపు వయసున్న వాహనాలకే ఈ నియమాలు వర్తించడం. టకాటా ఇన్‌ఫ్లేటర్లు అత్యంత వేడి, ఉక్క ఉన్న ప్రాంతాల్లో కూడా సాధారణంగా ఆరేళ్లు దాటాకనే ప్రమాదకరంగా మారాయి. చల్లని చోట్ల పదిహేనేళ్లు దాటాయి. ఫ్రాన్స్‌లో 2025 జూన్‌లో రాన్స్ నగరం దగ్గర ఒక పాత సిట్రోయెన్ సీ3లో మరణం సంభవించాక, ప్రభుత్వం లక్షలాది కార్లను నడపవద్దని ఆజ్ఞాపించవలసి వచ్చింది. కాలంతో పాటు పెరిగే ప్రమాదానికి, వయసు మీరిన వాహనాన్ని మినహాయించే నియమం సరిపడదు. వాహనం అమ్మినప్పుడు యాజమాన్య మార్పిడికి 29, 30 ఫారాలు రవాణా శాఖకు చేరతాయి. వాటి మీద ఛాసిస్ నంబరు ఎలాగూ ఉంటుంది. ఆ నంబరును తయారీదారు రీకాల్ జాబితాతో సరిచూసి, మిగిలి ఉన్న పనిని కొనే మనిషికి తెలుగులో రాతపూర్వకంగా తెలిపాకనే ఆర్‌సీ కొత్త పేరు మీదికి మారేలా నియమం చేయడానికి కొత్త సాంకేతిక పరిజ్ఞానం అక్కరలేదు. తయారీదారు ఆ జాబితాను ప్రభుత్వానికి ఎప్పటికప్పుడు అప్పగించాలి, రవాణా శాఖ కార్యాలయంలో దాన్ని చూసే బాధ్యత ఒకరికి ఉండాలి.